పన్నె ఇచ్చిన ఇల్లు

తుపాను సాయంలో బియ్యం వచ్చాయి, కిరసనాయిలు వచ్చింది, దుప్పట్లు వచ్చాయి. పన్నె మాత్రం ఎవరూ తేలేదు. తేవాలని ఎవరికి తడుతుంది? మగ్గం మీద బతికేవాళ్ళకి తప్ప పన్నె అంటే ఏమిటో, అది లేకపోతే ఇంట్లో పొయ్యి ఎందుకు వెలగదో బయటివాళ్ళకి తెలియదు. 1996 నవంబరు తుపాను తర్వాత మా ఇంట్లో మగ్గం మళ్ళీ ఎలా లేచిందో, ఎవరెవరి ఇళ్ళలో ఆగిపోయిన మగ్గాల సామాన్లతో లేచిందో రాసిపెట్టాలని చాలా ఏళ్ళుగా అనుకుంటున్నాను. ఇచ్చినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ పేర్లు రాయను. పేరు కోసం ఇచ్చినవాళ్ళు కారు. ఇచ్చిన వస్తువుల పేర్లు మాత్రం రాస్తాను.

మాది కోనసీమలో ఉప్పలగుప్తం. నా పుట్టిల్లు పుల్లేటికుర్రు. అక్కడ పిల్లలు నడక నేర్చుకునే వయసుకే కండె పట్టుకుంటారు. పెళ్ళయి ఉప్పలగుప్తం వచ్చేసరికి ఇక్కడ నేత ఇళ్ళు కొద్దే. చుట్టూ వరి చేలు, కొబ్బరి తోటలు, సముద్రం వైపు వెళితే ఎస్.యానాం తీరం. నూలు బండారులంక నుంచి వచ్చేది. అక్కడి షావుకారు పడుగు, పేక నూలు, జరీ ఇచ్చేవారు. మా ఆయన నేసిన చీరలు సైకిలు మీద పట్టుకెళ్ళి ఇచ్చి కూలి తెచ్చేవారు. నేను రాట్నం దగ్గర, ఆయన గుంటలో. మా మావగారి నాటి గుంట మగ్గం అది. పన్నెని బిగించుకుని పేకని కొట్టే పలక టేకుది. దాని మీద చెయ్యి పెట్టే చోట గుంట పడి, మా మావగారి చెయ్యి ఎక్కడ ఆనేదో తెలిసేది.

నవంబరు 6 బుధవారం. దీపావళికి ఇంకా నాలుగు రోజులుంది. దీపావళికి ముందు చీరలు ఇచ్చేస్తే పిల్లలకి బట్టలు, టపాకాయలు వస్తాయని ఆయన ఆ వారమంతా పెందలాడే గుంటలో దిగుతున్నారు. వాయుగుండం సంగతి రేడియోలో విన్నాం. ఈ తీరంలో అది వినని సంవత్సరం ఉండదు కాబట్టి ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. సాయంత్రానికి గాలి మాట వేరైంది. తాటాకులు కొట్టుకునే చప్పుడు కాదు, కొబ్బరి చెట్టు మొదలు దగ్గర పెళపెళమనే చప్పుడు.

నీళ్ళు మొదట గుమ్మం దాటి రాలేదు. గుంటలో ఊరాయి. కోనసీమ నేల సంగతి తెలిసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, రెండు మూడు బారలు తవ్వితే నీరు పడే నేల. లాంతరు పెట్టి చూస్తే తొక్కుడు చెక్కలు తేలుతున్నాయి. అప్పుడు మా అత్తగారు అన్నారు, "పడుగు కొయ్యరా" అని. ఆయన కదల్లేదు. మగ్గం మీద ఉన్న పడుగుని మధ్యలో కొయ్యడం నేతగాడి చేతికి రాని పని. ఎప్పుడైనా చీరకీ చీరకీ మధ్య కత్తెర పెడతారు గాని, నేస్తున్న చోట పెట్టరు. పైగా అది షావుకారి నూలు. మా అత్తగారే మళ్ళీ అన్నారు, "గుడ్డ పోతే పోయింది, పడుగు మిగిలితే బాకీ మిగలదు." ఆయన, పోగుల్ని ఎత్తి దించే అచ్చు వెనకాల కోసేశారు. నేను చుట్ట చుట్టాను. యూరియా గోతాంలో పెట్టి, మూతి బిగించి, పిల్లల్ని ఒక చంకన, ఆ గోతాన్ని ఒక చంకన పెట్టుకుని వీధి చివర డాబా ఇంటికి పోయాం. అప్పటికే అక్కడ వీధి వీధంతా ఉంది.

రాత్రంతా ఏం జరిగిందో రాయడం నాకు చేతకాదు. గాలి ఒక వైపు నుంచి కొట్టి కొట్టి ఆగి, మళ్ళీ రెండో వైపు నుంచి మొదలైంది. ఆ ఆగిన కాసేపట్లో ఎవరో ఇల్లు చూసుకొస్తానని బయల్దేరబోతే పెద్దవాళ్ళు తలుపుకి అడ్డం పడుకున్నారు.

తెల్లారేసరికి ఊరు ఎక్కడుందో పోల్చుకోలేకపోయాం. కొబ్బరి తోటలు పడుకున్నాయి. ఎక్కడ నిలబడినా ఆకాశమే కనపడుతోంది. మా ఇంటి మీద పడింది మా చెట్టు కాదు, పక్కవారి చెట్టు. కప్పు చీల్చుకుని సరిగ్గా మగ్గం మీద పడింది. పలక రెండు ముక్కలు. పన్నె పలకలోనే ఇరుక్కుని పళ్ళు వంగిపోయాయి. బుటాలు తీసే డాబీ పెట్టె నలిగిపోయింది. గుంట నిండా నీళ్ళు, బురద, కొబ్బరి మట్టలు. పేక నూలు మోసే నాడె ఒకటి బురదలో దొరికింది, ఒకటి దొరకలేదు. అచ్చు కళ్ళు నూలువి. బురద నీళ్ళలో నాని మూడో నాటికి పట్టుకుంటే పుటుక్కుమన్నాయి. నాడెని తోసే పికర్లు గేదె తోలుతో చేస్తారు, అవి ఉబ్బి పలక చివరి నాడె పెట్టెలో పట్టలేదు.

మా ఇంట్లో ప్రాణాలు పోలేదు. ఈ మాట ముందే రాయాల్సింది. భైరవపాలెంలో, బలుసుతిప్పలో వేటకి వెళ్ళినవాళ్ళు, రొయ్య పిల్లలు ఏరుకునేవాళ్ళు ఎంతమంది పోయారో! చనిపోయినవాళ్ళు, జాడ తెలియనివాళ్ళు కలిపి జిల్లా మొత్తం మీద వెయ్యికి పైమాటే. ఆ తల్లుల ముందు మా మగ్గం సంగతి నోరెత్తడానికి సిగ్గనిపించేది. అయినా కడుపు ఆ సిగ్గు ఎరగదు కదా.

నష్టాలు రాసుకోవడానికి వచ్చినవాళ్ళ కాగితంలో ఇంటికి గడి ఉంది, కొబ్బరి చెట్టుకి ఉంది, పశువుకి ఉంది. మా ఇంటికి వచ్చినాయన మగ్గాన్ని ఎక్కడ రాయాలో తెలియక పెన్ను పట్టుకుని నిలబడ్డాడు. చివరికి ఇంటి సామాన్లలో కలిపేశాడు. ఆయన్ని నేను తప్పు పట్టను. మాకు మాత్రం అది సామాను కాదు. మంచం పోతే నేల మీద పడుకుంటాం. పలక పోతే ఏం చేస్తాం?

మా ఆయన చెట్లు కొట్టే కూలికి వెళ్ళారు. ఆ నెలల్లో కోనసీమలో దొరికిన పని అదొక్కటే. పడిపోయిన చెట్లు రోడ్ల మీంచి తీయాలి, తోటల్లోంచి తీయాలి, ఇళ్ళ మీంచి తీయాలి. నేతగాడి చేతులు రంపానికి పనికిరావు. ఆయన అరచేతులు బొబ్బలెక్కి, చితికి, నూలు పోగు తగిలితే చర్మానికి పట్టుకునేట్టు అయ్యాయి. రాత్రి ఆముదం రాస్తూ నేను అన్నాను, మగ్గం మీద నేను కూర్చుంటాను, సామాను సంగతి చూడండి అని.

తొందర ఎందుకంటే పడుగు ఆగదు. గంజి పెట్టిన పడుగు చెమ్మకి బూజు పడుతుంది, బూజు పట్టిన పోగు పలక దెబ్బకి నిలవదు. డాబా ఇంటివారి మేడ మీద ఎండ వచ్చినప్పుడల్లా పరిచి, మబ్బు పడితే చుట్టి, ఇలా కాపలా కాశాను. షావుకారు గారు కూడా దెబ్బ తిన్నారు. ఆయన గొడౌనులో తడిసిన నూలు మా నూలు కన్నా చాలా ఎక్కువ. అయినా గట్టిగా అడగలేదు. "పడుగు దక్కించారు, అది చాలు" అన్నారు. అంత మాట అన్న మనిషికి చీరలు నేసి ఇవ్వకుండా ఎలా ఉండగలం?

కొత్త పన్నె కొనాలంటే చేతిలో డబ్బు లేదు. ఉన్నా, ఆర్డరిచ్చి ఎదురు చూడాలి, రోడ్లు ఆ స్థితిలో ఉండగా అది ఎప్పటికి చేరుతుందో. పాతదైనా ఏదో ఒక పన్నె తెచ్చి బిగించడానికి లేదు. నేత తెలియనివారికి ఇక్కడ కొంచెం చెప్పాలి. పన్నెకి పళ్ళుంటాయి, పంటి సందుకి రెండేసి పోగులు దూరుతాయి. ఎన్ని పోగుల పడుగో దానికి తగ్గ పన్నె, దాని వెనక అన్ని కళ్ళ అచ్చు ఉండాలి. మా పాతవాళ్ళు దీన్ని పుంజాల్లో లెక్క చెబుతారు. పుంజానికి 120 పోగులు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు బెండమూర్లంకలోను, ఇంజరంలోను కొట్లు పెట్టి ఈ తీరపు గుడ్డ ఓడలకెత్తిన రోజుల్లో కూడా ఇన్ని పుంజాల గుడ్డ అనే బేరం చేసేవారట. మా పడుగు 30 పుంజాలు. అంటే 3600 పోగులు. 26 పుంజాల పన్నె ఎంత మంచిదైనా మాకు పనికిరాదు. కాబట్టి మేము ఊరూరా అడగాల్సింది పన్నె ఉందా అని కాదు, ముప్ఫైది ఉందా అని.

మొదట మా పుట్టింటికే వెళ్ళాం. రోడ్డు మీద అడ్డం పడ్డ చెట్ల మీదుగా సైకిలు ఎత్తి దించుకుంటూ వెళ్ళడం. మా అన్నయ్య ఒక నాడె ఇచ్చాడు, రెండు పికర్లు ఇచ్చాడు. "పన్నె నాది ముప్ఫైదే చెల్లీ, మగ్గం మీద ఉంది, ఏం చెయ్యను" అన్నాడు. ఉన్నది తీసి ఇమ్మని ఎవరం అడుగుతాం? వదిన తొక్కుడు చెక్కలు కట్టే తాడు కొత్తది చుట్ట చుట్టి సంచిలో పెట్టింది. బండారులంకలో ఒకాయన పలక ఇచ్చారు. వాళ్ళబ్బాయి అమలాపురంలో బట్టల కొట్లో చేరాక వాళ్ళింట్లో ఒక మగ్గం ఎత్తేశారు. పలక గోడకి ఆనించి ఉంది.

ఆ పలక దొరకడం మా అదృష్టమని ఆ రోజు అనుకోలేదు, తర్వాత తెలిసింది. ఊళ్ళో వడ్రంగులందరూ కప్పుల పనిలో ఉన్నారు. ఒకాయన దయతలిచి, పడిపోయిన చెట్టు కర్రతో పలక చేసి పెడతానన్నాడు. మా అత్తగారు వద్దన్నారు. పచ్చి కర్ర ఎండేకొద్దీ వంగుతుంది. పలక నూలుపోగంత వంగినా నాడె దారి తప్పి పోగుల్లోకి దూకుతుంది. ఎన్నో ఏళ్ళు ఒక ఇంట్లో ఎండి, నూనె తాగి, దెబ్బలు తిన్న టేకు పలక ఇక ఎటూ వంగదు. మగ్గం సామానులో పాతది కొత్తదాని కన్నా మేలని నేను నమ్మకంగా చెప్పేది ఇందుకే, ఏదో పాత మీద ప్రేమతో కాదు.

ఇంకో సంగతి కూడా ఆ ఏడాది మాకు కలిసొచ్చింది. మామూలు రోజుల్లో నేత మానేసిన ఇంట్లో మగ్గం కర్రలు ముందు అటకెక్కుతాయి, తర్వాత ఎప్పుడో ఇంట్లో ఇబ్బంది వచ్చిన రోజున పొయ్యిలోకి వెళతాయి, లేదా కట్టెల అడితికి వెళతాయి. ఆ ఏడాది కోనసీమలో వంటచెరుకుకి ధర లేదు. ఏ ఇంటి ముందు చూసినా కొబ్బరి మొద్దులే, తీసుకెళితే చాలన్నట్టు ఉన్నాయి. మగ్గం విప్పి కట్టెలుగా అమ్ముదామన్నా కొనేవాడు లేడు. అలా మిగిలిపోయిన సామాన్లే మాబోటివాళ్ళకి అందాయి.

పన్నె ఒకటే దొరకలేదు. బండారులంకలోనే మా ఆయనకి వరసకి పెద్దమ్మ ఒకావిడ ఉన్నారని, వాళ్ళాయన పోయి నాలుగైదేళ్ళయిందని, ఆయన ముప్ఫై పుంజాలే నేసేవాడని ఎవరో చెప్పారు. వెళ్ళాం. ఆవిడ మజ్జిగ ఇచ్చారు. తుపాను కబుర్లు అన్నీ అడిగారు. పన్నె మాట ఎత్తేసరికి ఊరుకున్నారు.

"ఉంది బాబూ. ఇవ్వను" అన్నారు చివరికి.

మా ఆయన "ఆయ్, అలాగేనండి పెద్దమ్మగారూ" అని లేచారు. నేను లేవలేదు. బతిమాలడానికి కాదు, నా కాళ్ళలో ఓపిక లేక. ఆవిడ నా వైపు చూసి, "మగ్గం ఎవరు నేస్తారు, వాడి చేతులు అలా ఉన్నాయి?" అన్నారు. నేనండి అత్తయ్యగారూ అన్నాను. "అతుకు వేస్తావా?" అన్నారు. వేస్తానన్నాను. లోపలికి వెళ్ళి రెండు పోగులు తెచ్చి నా చేతిలో పెట్టారు. పొయ్యిలోంచి చిటికెడు బూడిద తెచ్చుకుని వేళ్ళకి రాసుకుని మెలిపెట్టి అతికాను. ఆవిడ లాగి చూశారు. మళ్ళీ లాగి చూశారు. అప్పుడు మా ఆయన్ని అటక ఎక్కమన్నారు.

దింపింది పాత చీరలో చుట్టిన మూట. విప్పితే పన్నె, అచ్చు విడివిడిగా లేవు. వాళ్ళాయన చివరి పడుగు కొసలు, జానెడు పొడవున, అచ్చు కళ్ళలోంచి పన్నె పళ్ళలోంచి వచ్చి ముందు వైపు ముడేసి ఉన్నాయి. తెలిసిన నేతగాడు ఇలాగే దాస్తాడు. ఒక పడుగు అయిపోయాక కొసలు తీసెయ్యడు. తర్వాతి పడుగుని ఆ కొసలకే ఒక్కొక్క పోగూ అతికి, మెల్లగా ముందుకి లాగితే కొత్త పోగులు వాటంతట అవే కళ్ళలోంచి, పళ్ళలోంచి బయటికి వస్తాయి. 3600 పోగుల్నీ విడిగా దూర్చుకునే పని తప్పుతుంది. ఆ మనిషి ఇంకో పడుగు వస్తుందనే అతుక్కి కొసలు ఉంచుకున్నారు. ఆ పడుగు రాలేదు. లేత పసుపు పోగులు, అంచుల దగ్గర వంకాయ రంగు.

"కొసలు కోసి పారెయ్యకండి. దానికే అతకండి" అన్నారావిడ. "ఆ మాట మీదే ఇస్తున్నాను."

ఆ మాట వినేదాకా నాకు అర్థం కాలేదు మేము ఏం అడుగుతున్నామో. మగ్గం ఎత్తేసిన ఇంట్లో పన్నె ఉన్నంతకాలం, ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ వేస్తామన్న మాట ఒకటి ఇంట్లో ఉంటుంది. కొడుకు వెయ్యకపోయినా మనవడు వేస్తాడేమో అనుకుంటారు. పన్నె గడప దాటిందంటే ఆ మాట ఇక చెల్లదని అందరి ముందూ ఒప్పుకున్నట్టే. అందుకే ఆవిడ ముందు ఇవ్వనన్నారు. ఇవ్వననడం పిసినారితనం కాదు. ఆ తర్వాత నా జీవితంలో ఎన్నో ఇళ్ళకి సామాను అడగడానికి వెళ్ళాను, నా కోసమూ, వేరేవాళ్ళ కోసమూ. లేదని చెప్పిన ఏ ఇంటినీ నేను ఒక్క మాట అనలేదు, నా వెంట వచ్చినవాళ్ళని అననివ్వలేదు.

పన్నె ఉక్కు పన్నె. తుపాను చెమ్మకి పళ్ళకి తుప్పు పొడ వచ్చింది. తుప్పు పళ్ళు రెండు రకాలుగా చంపుతాయి, పోగుని కోస్తాయి, కొయ్యకపోతే మరక పెడతాయి. సాయంగా వచ్చిన కిరసనాయిల్లోంచి కొంచెం పక్కన పెట్టాను. దీపానికి కూడా చాలని రోజులవి, ఊరికి కరెంటు లేదు. మెత్తని గుడ్డ పీలిక కిరసనాయిలులో ముంచి ఒక్కొక్క పన్నూ తుడిచాను. కొసలు తియ్యకుండా తుడవాలి. సందులోకి గుడ్డ పోదు, కొబ్బరి ఈనె చెక్కి దానికి దూది చుట్టి తుడిచాను. ఆరాక పొడి గుడ్డతో మళ్ళీ. ఆ పని మా అత్తగారూ నేనూ చెరొక చివరి నుంచి మొదలుపెట్టి మధ్యలో కలిశాం.

తర్వాత అతుకు. పగలే చెయ్యాలి, రాత్రి కనపడదు. కప్పు లేని ఇంట్లో టార్పాలిన్ కింద, మగ్గానికి ఇటు నేను, అటు మా అత్తగారు. ఎడమ చేత్తో పాత కొస, కుడి చేత్తో కొత్త పోగు, బూడిద వేళ్ళు, ఒక మెలి, వెనక్కి మడత, ఇంకో మెలి. ముడి వేస్తే పన్నె పంట్లోంచి రాదు, మెలే వెయ్యాలి. పెద్దమ్మగారి ఆయన పోగులు కొన్ని అటక వేడికి పెళుసు బారాయి, పట్టుకోగానే తెగేవి. తెగిన చోట కంట్లోంచి పంట్లోంచి విడిగా దూర్చుకోవాల్సి వచ్చేది. పిల్లలు ఆకలని వస్తే మా అత్తగారు లేచేవారు, నేను లేచేదాన్ని కాదు. మెడ పట్టేసేది. పక్క వీధిలో నేత ఆవిడ ఒకరు, వాళ్ళ మగ్గం కూడా పడిపోయింది, వచ్చి పిలవకుండానే కూర్చుని అతికి పెట్టింది. వాళ్ళ మగ్గం లేచేటప్పుడు నేను వెళ్ళాను.

అతుకంతా అయ్యాక లాగడం. మా ఆయన ఆ రోజు కూలికి వెళ్ళలేదు. ఆయన వెనక నిలబడి పడుగు వదులుతుంటే నేను ముందు నుంచి కొసలు పట్టుకుని లాగాను. అతుకులు అచ్చు దాటే చోట గరగరమని చప్పుడు. పన్నె దాటే చోట ఊపిరి బిగబట్టాను. కొన్ని తెగాయి. నేను భయపడ్డన్ని తెగలేదు. పసుపు పోగులు ముందుకు వచ్చేశాయి, వాటి వెనకాల మా తెల్ల పడుగు. గుడ్డ చుట్టే కర్రకి బిగించి, నాడె వేసి, పలక కొట్టాను. పలక చప్పుడు విని మా అత్తగారు పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చారు.

మొదటి జానెడు గుడ్డ ఎవరికీ పనికిరాదు, కోసి పారేసేదే. దాన్ని మా ఆయన బండారులంక వెళ్ళినప్పుడు పెద్దమ్మగారికి ఇచ్చారు, ఆవిడే అడిగారట.

ఆ మగ్గం మీద సంక్రాంతికి ముందు చీరలు దిగాయి. డాబీ దొరకలేదు కాబట్టి బుటా లేని సాదా అంచు చీరలు నేశాం. కూలి తక్కువ. అయినా బియ్యం సాయానికి వరసలో నిలబడ్డప్పుడు లేని ధైర్యం ఆ తక్కువ కూలితో వచ్చింది. నేను చెప్పదలచింది ఇదే. ఆపదలో మనిషికి తిండి పెట్టడం మొదటి ధర్మమే. రెండో రోజు నుంచి ఆ మనిషికి కావలసింది చేతిలో పనిముట్టు. జాలరికి వల, వడ్రంగికి రంపం, మాకు పన్నె. అది సర్కారు గొడౌనులో ఉండదు, అదే పని చేసి మానేసినవాళ్ళ ఇళ్ళ అటకల మీదే ఉంటుంది.

మా సంగతి నలుగురికీ తెలిసి, మెల్లగా మా ఇల్లు సామాన్లు చేరే చోటయింది. ఎవరింట్లో మగ్గం ఎత్తేసినా కబురు వచ్చేది. మా ఆయన సైకిలు మీద తెచ్చేవారు, తర్వాత మా అబ్బాయి మోటారుసైకిలు మీద. డబ్బు పెట్టి కొనలేదు, డబ్బు పుచ్చుకుని ఇవ్వలేదు. పన్నెలకి అట్ట ముక్క మీద పుంజాలు రాసి కట్టేదాన్ని. నూలు కళ్ళ అచ్చు ఎలకలకి ఇష్టం, వేపాకు వేసి కట్టాలి. డాబీ పెట్టెలు వచ్చాయి, అరిగిన నాడెలు వచ్చాయి. నాడె చివర ఇనప మొన వదులైతే పారేస్తారు గాని, కర్ర బాగుంటే మొన మార్పించుకోవచ్చు. జాకార్డు అట్టలు ఎవరో పొయ్యి రాజెయ్యడానికి వాడుతుంటే చూసి తెచ్చుకున్నాను. ఒక డిజైనుకి ఎన్ని అట్టలు గుద్దించాలో తెలిసినవాళ్ళకి ఆ మంట చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఇనప సామాను కొనేవాళ్ళు ఉక్కు పన్నెలు తూకానికి కొంటారు. తూకానికి పన్నె ఎంత వస్తుంది? టీ డబ్బులు వస్తాయేమో.

2018 ఆగస్టులో కేరళ వరదలు టీవీలో చూపిస్తుంటే చేందమంగలం పేరు విన్నాను. ఎర్ణాకులం జిల్లాలో నేత ఊరు. ఓణం పండక్కి నేసిపెట్టుకున్న గుడ్డలన్నీ బురదలో, మగ్గాలన్నీ నీళ్ళలో. మట్టి మరకలు పోని ఆ గుడ్డలతో చేకుట్టి అని బొమ్మలు చేసి అమ్మితే దేశమంతా కొన్నారు. సేవ్ ద లూమ్ అనే సంస్థ మగ్గాలు మళ్ళీ లేపడానికి నిలబడిందని తర్వాత పేపర్లో చదివాను. ఆ టీవీలో ఒకావిడ మగ్గం గుంట వైపు చూస్తూ నిలబడింది. ఆవిడ భాష నాకు రాదు, ఆవిడ ఏం లెక్క వేసుకుంటోందో మాత్రం నాకు తెలుసు. ఏది మిగిలింది, ఏది ఎండితే పనికొస్తుంది, ఏది అడిగి తెచ్చుకోవాలి.

మా మగ్గం ఇప్పుడు లేదు. మా ఆయన పోయారు. 2020లో కరోనా వచ్చినప్పుడు చీరలు షావుకార్ల దగ్గర గుట్టలు పడి, నూలు ఇవ్వడం ఆగిపోయింది. మళ్ళీ ఇచ్చేనాటికి నా మోకాళ్ళు గుంటలో దిగనివ్వలేదు. మా అబ్బాయి కువైట్‌లో ఉన్నాడు, చాలా ఊళ్ళ అబ్బాయిల్లాగే. "అమ్మా, మగ్గం తీసేసి అక్కడ మంచం వేసుకో" అని ఫోనులో అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. కొన్నాళ్ళు వినిపించుకోలేదు.

పుల్లేటికుర్రు నుంచి మా అన్నయ్య మనవడు వచ్చాడు. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, డిగ్రీ చదివి కూడా మగ్గం వేస్తానంటున్నాడు. వాళ్ళ నాన్నకి ఇష్టం లేదు. వాడికి పలక కావాలి, ముప్ఫై పన్నె కావాలి. నేను అటక వైపు చూపించలేదు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టాను. పెద్దమ్మగారి పన్నె అప్పటికి కూడా నా దగ్గరే ఉంది, మధ్యలో ఒకసారి పళ్ళు సరిచేయించాం, అచ్చు మార్చాం. మా ఆయన ఆఖరి పడుగు కొసలు దానికే ఉన్నాయి. ఎన్నో ఇళ్ళలో సామాను అడిగిన దాన్ని, నా ఇంట్లో అడిగేసరికి నోరు పెగల్లేదు. ఆవిడ ఇవ్వనని ఎందుకన్నారో ఆ పూట నా ఒంటికి తెలిసింది. వాడు పెద్ద మనసున్నవాడు. "పర్వాలేదు బామ్మా, కొత్తది కొనుక్కుంటాలే" అని లేచాడు.

అతుకు వేస్తావురా అని అడిగాను. నేర్చుకుంటున్నానన్నాడు. అయితే రేపు రా అన్నాను. మర్నాడు వచ్చి, నా ఎదురుగా కూర్చుని అతికాడు. వేళ్ళు మొద్దుగా ఉన్నాయి గాని మెలి తిరుగుతోంది. మొదట్లో నావీ అంతే.

పలక, పన్నె, అచ్చు, రెండు నాడెలు, తొక్కుడు చెక్కలు, గంజి కుంచె అన్నీ ఆటో మీద వేసి పంపాను. డాబీ ఇంకా నా దగ్గరే ఉంది, దానికి రెండు కర్రలు మార్పించాక తీసుకెళ్ళమన్నాను. పలకకి కుడి చేతి పెట్టె కొంచెం బిగువు, తుపాను తర్వాత తెచ్చిన నాటి నుంచీ అంతే, అరగదియ్యొద్దు, పికర్ని నూనెలో నానబెట్టి వేసుకో అని చెప్పాను. కొసలు కొయ్యొద్దని కూడా చెప్పాను. మొన్న ఫోను చేసి, నాడె కుడి పక్క ఆగిపోతోంది బామ్మా అన్నాడు. పికర్ ఎన్నాళ్ళు నానబెట్టావురా అంటే ఒక పూట అన్నాడు. ఒక పూట చాలదు నాన్నా, నూనె లోపలి దాకా తాగాలి, తీసి మళ్ళీ వెయ్యి, వారం ఆగు, ఈలోగా మీ తాతయ్య పాత పికర్లు మీ అటక మీద ఎడమ చివర రేకు డబ్బాలో ఉంటాయి, అవి వేసుకుని నేస్తూ ఉండు అని చెప్పాను.